వాన పడని మూడడుగులు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఇంటి కప్పులకు వాడే రంగు రేకులు తయారుచేసే ఒక కంపెనీ గుంటూరు శాఖకు తనిఖీ ఇంజనీరుగా బదిలీ అయ్యాను. గ్యారంటీ తీరకముందే తుప్పు పట్టిందని ఫిర్యాదు వస్తే, లోపం రేకుదా, బిగించినవారిదా, వాడినవారిదా అని తేల్చడం నా పని.

వేసవి మొదట్లో, మిర్చి కల్లాల మధ్య ఉన్న ఒక ఎరువుల గోడౌనుకు వెళ్లాను. లారీలు ఆగేవైపు గోడకు ఆనించి దించిన పంచకప్పు అంచు నిండా గోధుమరంగు చారలు. ఉక్కు రేకు మీద జింకు, అల్యూమినియం కలిపిన పూత, ఆపైన రంగు ఉంటాయి. గ్రైండరుతో కోస్తే ఆ వేడికి అంచున రెండూ కాలిపోతాయి, కత్తెరతోనే కోయాలి. నేల మీద నిలబడే చూసి, ‘కోత లోపం’ అని పై అధికారికి నివేదిక పంపేశాను. అంటే రేకులు బిగించిన ఖాసిం మేస్త్రి పేరు మా కంపెనీ గుర్తించిన మేస్త్రీల జాబితాలోంచి పోతుంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఆయన్ని ఎవరూ పనికి పిలవరు.

మర్నాడు ఆయనే ఆఫీసుకు వచ్చాడు. గొంతు పెంచలేదు.

“నేను గ్రైండరు పెట్టలేదు మేడమ్ గారూ. ఒక్కసారి పైకెక్కి చూడండి. ఆ తర్వాత మీరేం రాసినా సరేనండి.”

మోకాళ్ల నొప్పితోనే నిచ్చెనెక్కాను. పైన గాలి లేదు. కల్లాల ఎరుపు ఎండలో కరిగి, దూరంగా పత్తిచేల అంచుదాకా పారుతున్నట్టుంది. మనుషులు ఆ ఎరుపులో ఈదుతున్నట్టు మెల్లగా కదులుతున్నారు. కాళ్ల కింద రేకు సన్నగా టిక్కుటిక్కుమంటోంది. ఎందుకొచ్చానో కాసేపు మరిచిపోయాను.

ఖాసిం తడిగుడ్డతో అంచు తుడిచాడు. చార పోయింది, కోసిన అంచు శుభ్రంగా ఉంది. తుప్పు పైన ఉంది: పంచరేకులు గోడౌను పెద్దకప్పు చూరు కిందికి దూరిన మూడడుగుల మేర. అక్కడ వాన పడదు. గాలి కిటికీల్లోంచి వచ్చిన ఎరువు దుమ్ము పేరుకుని, మంచుకు చెమర్చి, ఏళ్ల తరబడి రంగును పొక్కించి పూతను తినేసింది. చారలు అక్కణ్ణించి జారినవే. వాన కడిగిన మిగతా రేకంతా కొత్తదానిలా ఉంది.

“కింద నుంచి చూసి రాశానండీ. తప్పు నాదే,” అన్నాను.

“ఆ మాటే కాగితం మీద పెట్టండి మేడమ్,” అన్నాడాయన.

పెట్టాను. పై అధికారి నాకు మెమో ఇచ్చాడు. ఖాసిం పేరు జాబితాలో ఉండిపోయింది. చూరు కింది భాగాన్ని ఏటా నీళ్లతో కడగాలని గోడౌను వారికి రాశాను.

ఎండావానలకు ఎదురుగా ఉన్న చోటు కంటే వాటికి చాటుగా ఉన్న చోటే ముందు చెడుతుందని పుస్తకాల్లో చదివే ఉన్నాను. ఎక్కి చూడనిదే రాయకూడదన్నది మాత్రం అక్కడే నేర్చుకున్నాను.