దాసి తరఫు వకీలు

మా వకీలు మాస్టారి ముందు ఎవరినీ విలన్ అనకూడదు. అన్నారో, అయిపోయారన్నమాటే. ఆయన ఏ కోర్టులోనూ వాదించలేదు, నల్లకోటు మొహమైనా చూడలేదు. కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు నాటకాలు పాఠం చెప్పారు, అంతే. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ నాటకంలోనూ ఒక్క దుర్మార్గుణ్ణయినా ఆయన ఒప్పుకోలేదు. విషం కలిపిన సవతితల్లి నుంచి కోటకు నిప్పుపెట్టిన బావమరిది దాకా అందరికీ ఆయన దగ్గర బెయిలు దొరికేది. వకీలు అని పేరు పెట్టింది విద్యార్థులే గానీ, దాన్ని నిలబెట్టుకున్నది మాత్రం ఆయనే.

ఈ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. ఎందుకు రాదు? మూడేళ్ళు ఆయన దగ్గర చదివాను. ఆ తర్వాత అదే కాలేజీలో, అదే గదిలో, ఆయన ఎదురు బల్ల దగ్గర కూర్చుని ఉద్యోగం చేశాను. ఎవరి పాపం పండి అలా రాసిపెట్టి ఉందో నాకైతే తెలియదు.

చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో సేనాపతి పాత్ర గురించి రాశాను. "క్రూరుడు, కుటిలుడు, కృతఘ్నుడు" అని మూడు మాటలు వరసగా పేర్చి, అబ్బో ఏం రాశానూ అని మురిసిపోయాను. పేపరు తిరిగొచ్చేసరికి పక్కన ఎర్రసిరాతో, "నువ్వు చూశావా? సేనాపతికి మోకాలి నొప్పి. మూడో అంకం మళ్ళీ చదువు" అని ఉంది. మళ్ళీ చదివాను. "సేనాపతి మెల్లగా మెట్లెక్కును" అని ఒక్కచోట ఉంది. అంతకుమించి ఇంకేమీ లేదు. పేపరు పట్టుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"మెల్లగా అని రాస్తే మోకాలి నొప్పేనా మాస్టారూ?"

"మరెందుకు మెల్లగా ఎక్కుతాడమ్మాయ్? సేనాపతి! పరుగెత్తాల్సిన మనిషి!"

"ఏదో ఆలోచిస్తూ ఎక్కి ఉండొచ్చు కదా?"

"మోకాలి నొప్పి ఉన్నవాడికి ఆలోచనలు రావా?"

ఆ ఏడాది నాకు ఫస్టుక్లాసు రెండు మార్కుల్లో తప్పిపోయింది. ఆ రెండూ ఎవరి మోకాలి మీద పోయాయో నాకు తెలుసు.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి వాళ్ళింటికి వెళ్తే ఆయన భార్య, పిన్నిగారు, నన్ను చూడగానే మొరపెట్టుకున్నారు. "చూడమ్మా, పొద్దున పాలు పొంగి పొయ్యంతా పాడైంది. నాలుగు తిట్టుకుందామంటే, పాల తరఫున కూడా ఈయనే మాట్లాడతారు!" మాస్టారు లోపల్నుంచే అరిచారు. "మంట ఎంత పెట్టావో అది కూడా చెప్పు మరి!"

అన్నిటికంటే నా ప్రాణం తీసింది ఒక అయిదంకాల పాత నాటకం. పేరు వెనుక వాకిలి. మా సిలబస్‌లో ఎన్నేళ్ళుగా ఉందో ఎవరికీ తెలియదు. కథ చిన్నదే. శత్రువులు కోటను చుట్టుముడతారు. రాణిగారి ముసలి దాసి వెనుక వాకిలి గడియ వేయకుండా వదిలేస్తుంది. శత్రువులు లోపలికి వస్తారు, రాజు చచ్చిపోతాడు, దాసికి మరణశిక్ష పడుతుంది. గైడు పుస్తకాలన్నిటిలోనూ ఒకటే రాసి ఉంటుంది: దాసి నమ్మకద్రోహి, నాటకం ఇతివృత్తం నమ్మకద్రోహం. మాస్టారు ఆ గైడు ఎవరి చేతిలో కనిపించినా లాక్కుని కిటికీలోంచి విసిరేసేవారు. కింద తోటమాలి ఏరి దాచిపెట్టి, సాయంత్రం ఎవరిది వాళ్ళకిచ్చేవాడు.

"ద్రోహమట, ద్రోహం! అయిదు అంకాల్లో దాసిని ఎన్నిసార్లు పిలిచారో ఏ వెధవైనా లెక్కపెట్టాడా? నలభై మూడు! నీళ్ళు తే, దీపం పెట్టు, విసనకర్ర ఏదీ! రాజు కూర్చుండును. రాణి కూర్చుండును. విదూషకుడు కూడా కూర్చుండును. 'దాసి కూర్చుండును' అని ఒక్క రంగసూచన చూపించండి, నేను ఉద్యోగం మానేస్తాను! అలసిపోయి కునుకు తీసిందయ్యా ఆ మనిషి! ఇందులో విలనే లేడు!"

వినగా వినగా మాకు చెవులు చిల్లులు పడ్డాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ఒకసారి ఆ నాటకం వేస్తున్నారంటే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ముందు వరసలో కూర్చున్నాం. అయిదో అంకంలో భటులు దాసిని ఈడ్చుకెళ్తుంటే మాస్టారు లేచి నిలబడ్డారు. "ఆగండి! ఆవిడ్ని ఒక్క మాటైనా అడిగారా?" అని హాలు దద్దరిల్లేలా అరిచారు. భటులు నిజంగానే ఆగిపోయారు. చచ్చిపడి ఉన్న రాజు తలెత్తి చూశాడు. మమ్మల్ని మర్యాదగానే బయటికి పంపించారు గానీ, ఆ రోజు నా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. దారి పొడుగునా ఆయన మాత్రం, "చూశావా, అడిగేసరికి ఆగారు!" అని ఒకటే సంబరం.

ఇక అసలు గొడవకి వస్తాను. మా పై అంతస్తు మొత్తానికి అటెండరు ఒక్కరే, ఆయమ్మ. పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. ప్రతి గదిలో బల్ల మీద ఒక స్విచ్చి ఉంటుంది. అది నొక్కితే వరండాలో బెల్లు మోగుతుంది, ఏ గది పిలిచిందో చెప్పే దీపం వెలుగుతుంది, ఆవిడ వస్తుంది. వరండాలో ఆవిడకని ఒక స్టూలుంది. దాని మీద ఎప్పుడు చూసినా చాక్‌పీసుల డబ్బాలే కూర్చుని ఉండేవి.

ఆ నెలలో మాస్టారికి కొత్త పిచ్చి పట్టింది. ఖాళీ దొరికితే చాలు, వరండాలో కుర్చీ వేసుకుని నోటుబుక్కులో ఏదో గీసుకునేవారు. "ఏం రాస్తున్నారు మాస్టారూ?" అంటే, "వెనుక వాకిలి మీద పరిశోధన" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. దిద్దాల్సిన యూనిట్ టెస్టు పేపర్లు ఇద్దరికీ సమానంగా ఉంటే, ఈయన చల్లగాలికి కూర్చుని పరిశోధన చేస్తారట!

పరీక్షల ముందు ఒక పొద్దున వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ప్రశ్నపత్రాలు పెట్టిన గది బార్లా తెరిచి ఉంది! కట్టలన్నీ ఉన్నాయి, ఒక్క సీలూ చిరగలేదు. కానీ ఎవరూ చూడలేదని ఎవరు పూచీ పడతారు? పరీక్ష వాయిదా పడింది. ప్రిన్సిపాల్ గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. తాళం వేయాల్సింది ఆయమ్మ. "ఉద్యోగంలోంచి తీసిపారేస్తాను!" అన్నారు. ఆవిడ జీతం తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదని అందరికీ తెలుసు. తెలిసి మాత్రం ఎవరం నోరు మెదిపాం?

విచారణకు ముగ్గురితో కమిటీ వేశారు. ప్రిన్సిపాల్ గారు, లైబ్రేరియన్, రాసుకోవడానికి నేను. వచ్చే నెలలో నన్ను పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆ ప్రిన్సిపాల్ గారే. అందుకని ఆ రోజు నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆయమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఇంకా ఎవరూ గొంతైనా సవరించుకోకముందే తలుపు తోసుకుని మాస్టారు వచ్చేశారు.

"మిమ్మల్నెవరు పిలిచారండీ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ముద్దాయికి వకీలుండాలి కదండీ."

"ఇది కోర్టు కాదు!"

"అందుకే కోటు వేసుకు రాలేదు. మొదటి అంకంలో దాసి మూడుసార్లు ప్రవేశిస్తుంది..."

"మాస్టారూ! ఇక్కడ సంగతి తాళం! నాటకం కాదు!"

"తాళం దగ్గరికే వస్తున్నానండీ. అయిదో అంకంలో ఉంది."

నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. ఒక మనిషి ఉద్యోగం ఊడిపోతుంటే ఈయనకు అంకాలు కావలసి వచ్చాయి! అరగంటయ్యేసరికి లైబ్రేరియన్‌కు ఆవులింతలు మొదలయ్యాయి. అప్పుడు మాస్టారు నోటుబుక్కు తీశారు.

"తాళం పడని ఆ రోజు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర వరకు వరండాలో బెల్లు అరవై ఏడుసార్లు మోగింది. నెల్లాళ్ళుగా కూర్చుని రాస్తున్నాను. ప్రిన్సిపాల్ గారి గది, పద్దెనిమిది. ఫ్యాను ఒకటి పెంచమని. ఫ్యాను ఒకటి తగ్గించమని. ఎవరో వచ్చారేమో చూడమని. వచ్చినవాళ్ళు వెళ్ళారేమో చూడమని..."

"చాలు, చాలు!" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"లైబ్రేరియన్ గారు, పదకొండు. మా గది, ఇరవై ఒకటి. మిగతావి మిగతావాళ్ళవి. ఆవిడ కూర్చున్నది ఒక్కసారీ లేదండీ. తాళంకప్ప చేతిలో పట్టుకుని నిలబడ్డచోటే కునుకు పట్టి ఉంటుంది. ఇందులో విలనే లేడు!"

"ఎవరండీ కునుకు తీసింది?"

గది మొత్తం ఉలిక్కిపడింది. అరిచింది ఆయమ్మ.

"పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కునుకు తీశానా నేను? మీరు ఊరుకోండి మాస్టారూ, నన్ను కాపాడతానని నిద్రమొహందాన్ని చేస్తున్నారు! నేను తాళం పట్టుకుని ఆ గుమ్మం దగ్గరే ఉన్నాను. బెల్లు మోగింది, వెళ్ళాను. పని చెప్పారు, చేశాను. కాగితాల కట్టలిచ్చి కింద ఆఫీసులో ఇచ్చేసి రమ్మన్నారు, మోసుకెళ్ళాను. అటునుంచి అటే ఇంటికి పోయాను. మర్చిపోయాను. అది నా తప్పే. కానీ నిద్రపోయానంటే మాత్రం ఊరుకోను!"

"ఎవరిదా బెల్లు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆయమ్మ నేల చూసింది. "గుర్తులేదండీ."

"మాస్టారూ, మీ పుస్తకంలో చూడండి. నాలుగున్నర తర్వాత?"

మాస్టారు పైకప్పు వంక చూశారు. "ఆ పేజీ మీద టీ ఒలికిందండీ. ఏమీ కనబడటం లేదు."

నా కలం ఆగిపోయింది. ఆ సాయంత్రం అయిదింటికి పది నిమిషాలు తక్కువ. కిటికీ వేయమని ఆయమ్మను పిలిచాను. ఆ కిటికీ నా కుర్చీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటుంది! వచ్చినప్పుడు ఆవిడ చేతిలో ఏదో నల్లగా ఉంది. అది తాళంకప్పని నాకప్పుడు తోచలేదు. తోచకపోగా, దిద్దిన పేపర్ల కట్టలు కూడా ఆ చేతుల్లోనే పెట్టాను. ఎవరి టీలో ఎన్ని చెంచాల చక్కెరో పంతొమ్మిదేళ్ళుగా మర్చిపోని మనిషికి నాలుగు రోజుల నాటి బెల్లు గుర్తులేదట. మాస్టారి పుస్తకం నా కళ్ళ ముందే ఉంది. పేజీలు తెల్లగా మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇద్దరూ కలిసి నన్ను ఇంత ఇరకాటంలో పెడతారా? ఒక్క మాట అనేస్తే తిట్టుకుని ఊరుకునేదాన్ని కదా! పర్మనెంటు కాగితం ఒక్కసారి కళ్ళ ముందు ఆడింది. లేచి నిలబడ్డాను.

"ఆ బెల్లు నాది సార్. కిటికీ వేయమని పిలిచాను. కట్టలిచ్చి పంపిందీ నేనే."

ప్రిన్సిపాల్ గారు నా వంక చూశారు, ఆయమ్మ వంక చూశారు, చివరికి తన బల్ల మీది స్విచ్చి వంక చూశారు. పద్దెనిమిది అన్న అంకె ఆయన్ని బాగానే కుట్టినట్టుంది. ఆయమ్మ ఉద్యోగానికి ఢోకా లేదన్నారు. ఇకనుంచి తాళం వేసేటప్పుడు లెక్చరరొకరు పక్కన నిలబడి సంతకం పెట్టాలన్నారు. ఆ మొదటి లెక్చరరు నేనేనన్నారు. నన్ను నాలుగు చీవాట్లు పెట్టారు, కాగితం సంగతి ఆ తర్వాత చూద్దామన్నారు. ఆయమ్మ మాత్రం మాస్టారి మీద కోపం తగ్గక, ఆయన వంకైనా చూడకుండా విసురుగా వెళ్ళిపోయింది.

బయటికి వచ్చానో లేదో, మెట్ల దగ్గర మాస్టారు పట్టుకున్నారు. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

"ఎవరు ఒప్పుకోమన్నారమ్మాయ్ నిన్ను?"

"నిజం కదా మాస్టారూ అది!"

"నిజమైతే? ముద్దాయి మధ్యలో లేచి నిజం చెప్పేస్తే ఇంక వకీలెందుకు? నాలుగు రోజులు కూర్చున్నాను దీని మీద! ఒకవేళ నీ పేరు బయటికొస్తే వాదిద్దామని!"

జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీశారు. పైన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: "కిటికీ వేయమన్న స్త్రీ – పాత్ర చిత్రణ."

"ఇప్పుడెందుకు మాస్టారూ, అయిపోయిందిగా?" అన్నాను.

"అయిపోతే మాత్రం? రాసింది పారేయమంటావా? కూర్చో." నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చుని కళ్ళజోడు సర్దుకున్నారు. "ఆ రోజు ఈమె బల్ల మీద నూట పన్నెండు పేపర్లు. వాటిలో నలభై నిజానికి ఈమెవి కావు, ఎదురు బల్ల ముసలాయనవి. ఆయన వరండాలో కూర్చున్నాడని, విసుక్కుంటూనే, ఆయనకు చెప్పకుండా దిద్దింది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయలేదు. అయిదింటికి పది తక్కువప్పుడు గాలి వీచింది. పైన పెట్టిన చెయ్యి తీస్తే కాగితాలెగిరిపోతాయి..."

ఆ రోజు నేను అన్నం తినలేదన్న సంగతి నాకే గుర్తులేదు. కళ్ళు తుడుచుకోబోయాను.

"ఏడవకు, ఏడవకు," అని కసిరారు మాస్టారు. "ఇంకా మూడు పేజీలున్నాయి."