లక్క పూయని కాసులపేరు

మా పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ళను ఆడిపోసుకోకూడదంటారు. ఆ మాట అన్నవాళ్ళకు మా పెద్దమ్మ తగిలి ఉండదు. నేను ఆడిపోసుకుంటాను. ఈ వయసులో నన్నెవరు ఆపుతారు?

ఆమె సొంత పెద్దమ్మ కాదు. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మా నాయనకు అన్న వరసయ్యే ఆయన మగ్గం వదిలేసి హిందూపురం పోయి, బెల్లం, చింతపండు మండీ పెట్టుకుని బాగుపడ్డాడు. ఆయన భార్య ఈమె. మెడలో ఎప్పుడూ కాసులపేరు ఉండేది. బొడ్డు దాకా వేలాడేది. ఆమె మా ఇంటికి వస్తే ముందు గడపలోకి కాసుల చప్పుడు వచ్చేది, ఆ తర్వాత ఆమె వచ్చేది.

మా అక్క పెళ్ళి నాటికి అక్కకు పదహారు, నాకు పదకొండు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం రాలేదు. లేనివాళ్ళ ఇంట్లో పెళ్ళంటే ఉన్నవాళ్ళ నగలు ఎరువు తెచ్చి పెళ్ళికూతురికి పెట్టి, పెళ్ళయ్యాక తిరిగి ఇచ్చేవారు. అందులో సిగ్గేమీ లేదు, అందరూ చేసేదే. మా అమ్మ రైలెక్కి హిందూపురం పోయి అడిగింది. "మా పాప కాదా ఏమి? తీస్కపోమ్మా, మూడు దినాలూ పెట్టుకోనీ" అని పెద్దమ్మ తన మెడలోంచి తీసి ఇచ్చింది. పెనుకొండ నుంచి పెళ్ళికి వచ్చిన మా అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, ఆ కాసులపేరు చూసి గొణిగింది. "ఎరువుల సొమ్ము బరువుల చేటు, తియ్యా పెట్టా తీపుల చేటు." పెళ్ళి హడావిడిలో ముసలిదాని మాట ఎవరికి పట్టింది!

ముహూర్తానికి ఇంకాసేపు ఉందనగా ఆడవాళ్ళకు తాంబూలాలు పంచారు. అమ్మ తొందరలో మగపెళ్ళివారి వైపు ఒక ముసలావిడకు ముందిచ్చి పెద్దమ్మకు తర్వాత ఇచ్చింది. అంతే. అదే నేరం. పెద్దమ్మ ఆకూవక్కా పళ్ళెంలోనే వదిలేసి లేచింది. నేరుగా అక్క కూర్చున్న పీట దగ్గరికి వచ్చింది.

"నేను రెండోదాన్నైతిని. నా సొమ్ము మాత్రం మొదటిదా? తియ్యే!"

అక్క బిత్తరపోయి చూసింది తప్ప కదల్లేదు. పెద్దమ్మే వంగి, జడ కింద చెయ్యి దూర్చి, దారం ముడి విప్పి లాక్కుంది. పందిట్లో అందరూ చూస్తుండగా తన మెడలో వేసుకుంది. ఆ తర్వాత అలిగి వెళ్ళిపోయిందనుకుంటున్నారా? లేదు, బంతిలో కూర్చుని బొబ్బట్లు అడిగి మరీ వేయించుకుంది. అదీ మా పెద్దమ్మ!

అక్క ఏడవలేదు. రెండు చేతులూ ఎత్తి మెడ కప్పుకుంది. తాళి కట్టే దాకా ఆ చేతులు దించలేదు. పురోహితుడు చెప్పినా దించలేదు. అత్తగారింట్లో అక్కకు 'ఎరువు నగల కోడలు' అని పేరు పడింది. నీళ్ళకు పోయినా అదే మాట, కూరలో ఉప్పెక్కువైనా అదే మాట. దేవుని గదిలో దీపం ముందు నిలబడి నేను మొక్కుకున్నాను. చదువు రావాలనీ కాదు, మంచి మొగుడు రావాలనీ కాదు. పెద్దమ్మ కూతురి మెడ నిండు పందిట్లో బోసిపోవాలని.

పెద్దమ్మకు ఒక్కటే కూతురు. అప్పటికి నాకంటే రెండేళ్ళు చిన్నది. అక్క పెళ్ళిలో నా వెనకాలే తిరిగింది, పాపం. ఆ పిల్ల నాకేం చేసిందని అడగొద్దు. పగకు ఆ లెక్కలు తెలియవు.

రెండు మూడేళ్ళకు నన్ను మా మామకే, అంటే అమ్మ తమ్ముడికే ఇచ్చారు. కాబట్టి అవ్వే నాకు అత్త అయింది, పెనుకొండే నా ఇల్లయింది. అవ్వకు ఒక విద్య ఉండేది. నాటకాలాడేవాళ్ళకు కిరీటాలు, వడ్డాణాలు, హారాలు మట్టితో చేసేది. కొలిమి లేదు, కుమ్మరి ఆవం లేదు. ఆ మట్టిని కాల్చే పనే లేదు. పాత కాగితాలు మూడు రోజులు నానబెట్టి రోట్లో రుబ్బాలి. చెరువెండినప్పుడు తెచ్చిపెట్టుకున్న ఒండ్రుమట్టిని పాత పంచెతో జల్లించి కలపాలి. పురుగు పట్టకుండా మెంతిపిండి, పట్టు రావడానికి చింతగింజల జిగురు. చపాతీ పిండిలా మెత్తగా అయ్యేదాకా పిసికితే ఏ ఆకారం అడిగితే ఆ ఆకారం వస్తుంది. మామిడి పిందెలు, మల్లెమొగ్గలు, జుంకీలు, బొమ్మల చేతులకు గాజులు, గోడకు తగిలించుకునే చిలకలు, అన్నీ చేసేవాళ్ళం. ఆరాక పైన పసిడిరంగులో తళతళలాడే పల్చటి బేగడ రేకు అంటిస్తే బంగారం కాదని కంసాలి కూడా పట్టుకుని చూస్తేగానీ చెప్పలేడు.

"ఎండలో పెట్టొద్దే. తొందరపడితే పగుల్తాది. నీడన ఆరనీ, అప్పుడే గట్టిపడ్తాది" అని అవ్వ రోజుకు పదిసార్లు చెప్పేది. నా పగ కూడా అలాగే నీడన ఆరింది. దాన్ని నేను ఎవరికీ చూపించలేదు.

చివర ఇంకో పని ఉంది, అదే అసలు పని. వడ్రంగి దగ్గర తెచ్చిన లక్కపూత ముందూ వెనకా రెండుసార్లు పూయాలి. అది పూస్తే నటుడి చెమటకూ వానకూ కూడా నగ తట్టుకుంటుంది. పూయకపోతే చెంబుడు నీళ్ళకే మళ్ళీ మట్టి. కాల్చని మట్టి కదా, దాని బుద్ధి దానిదే.

యుద్ధం వచ్చింది. ధర్మవరంలో పట్టూ జరీ దొరక్క మగ్గాలు ఆగాయి. హిందూపురంలో పెదనాయన మండీ కూడా మూతపడింది. ఆ కష్టకాలంలోనే అక్కకు ఒక మేలు జరిగింది. కొడుకు పుట్టాడని అత్తగారు తన గొలుసు చెరిపించి, రెండుపేటల గొలుసు చేయించి కోడలి మెడలో వేసింది. అది పడ్డాకే 'ఎరువు నగల కోడలు' అనే మాట ఆ ఇంట్లో ఆగింది. అక్క ఆ గొలుసును నిద్రలో కూడా తీసేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం పెద్దమ్మ మా పెనుకొండ ఇంటికి వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చింది. మెడ చూశాను. పసుపుతాడు, నల్లపూసలు, అంతే. తలుపు దగ్గరగా వేసి, అవ్వ పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"పాపకు పెండ్లి కుదిరింది. కాసులపేరు పెడ్తామని మాటిచ్చినాము. అదిప్పుడు ఇంట్లో లేదు. మీరు మట్టితో చేస్తారంట కదా. మూడు దినాలు నిలబడితే చాలు. పాపకు కూడా చెప్పొద్దు. లోపల లక్క నింపింది, అందుకే బరువు తక్కువని చెప్తాను."

అవ్వ తల దించుకుని మట్టి పిసుకుతూనే ఉంది. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"మీ అక్క పెండ్లికి కూడా నా కాసులపేరే కదమ్మా పెట్టినాము. గుర్తుండాదా?"

విన్నారా! పెట్టినారట! తీసింది గుర్తులేదు, పెట్టింది గుర్తుంది. ఆమె సిగ్గుపడి కాళ్ళు పట్టుకుని ఉంటే నేనేమయ్యేదాన్నో చెప్పలేను. ఆ ఒక్క మాటతో నా ఒళ్ళంతా భగ్గుమంది.

"గుర్తుండాది పెద్దమ్మా. చేసిస్తాను" అన్నాను.

"వసంతాలాడేటప్పుడు నీళ్ళు పడతాయి కదా. ఏమీ కాదు కదా?"

"ఏం కాదు. లక్క పూస్తాము."

నెల రోజులు కూర్చున్నాను. బలపపు రాయిలో లక్ష్మి అచ్చు చెక్కి వంద కాసులు ఒత్తాను. బరువు కోసం ఒక్కో కాసులో ఒక గులకరాయి పొదిగాను. అంత చక్కటి పని నేను అంతకు ముందు చేయలేదు, తర్వాతా చేయలేదు. వెనక పసుపురంగు, ముందు బేగడ, మెరుపు కోసం చేతికి కాస్త ఆముదం రాసుకుని తుడిచాను. లక్కపూత గిన్నె మూత మాత్రం తీయలేదు. అవ్వకు అప్పటికే చూపు మందగించింది. "లక్క పూసినావా?" అని అడిగింది. "పూసినా" అన్నాను. జీవితంలో అవ్వకు చెప్పిన అబద్ధం అదొక్కటే. ఏ మాత్రం తడబడలేదు.

హిందూపురంలో పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. పెళ్ళికూతురి మెడలో నా కాసులపేరు చూసి మగపెళ్ళివారు కళ్ళింత చేసుకున్నారు. అక్క వచ్చింది, అక్క అత్తగారూ వచ్చింది. పెద్దమ్మ మూడు రోజులూ ప్రతి తాంబూలం ముందు తనే అందుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం వసంతాలు. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు గంగాళం నిండా పెట్టారు. రెండు వైపుల ఆడవాళ్ళూ చెంబులు పట్టుకుని చుట్టూ మూగారు. మొదటి చెంబు నేనే ముంచాను. అక్క వరస కదా, ఎవరు కాదంటారు? నేరుగా మెడ మీద పోశాను. పిల్ల పకపకా నవ్వింది.

"చాలక్కా, చాలు!" అంది. ఇంకో చెంబు పోశాను. మూడోది కూడా నేనే పోశాను.

ముందు బేగడ రేకులు నలిగి లేచాయి. తర్వాత లక్ష్ములందరి ముఖాలూ కరిగాయి. బూడిదరంగు బురద పట్టుచీర మీదికి జారింది, ఒక గులకరాయి టప్పుమని కింద బండ మీద పడింది. పిల్ల నవ్వు ఆగిపోయింది. కిందికి చూసుకుంది. ఇప్పుడు చూడండమ్మా అందరూ, చూడండి అని నాకు గొంతు దాకా వచ్చింది.

ఎవరూ చూడలేదు. ఎక్కడినుంచి వచ్చిందో అక్క నన్ను భుజంతో తోసి, పిల్లను తన పైటలోకి లాక్కుంది. "అయ్యో, పిల్ల వణుకుతాండాది! తప్పుకోండమ్మా, చీర మార్చి తీసుకొస్తా" అని గట్టిగా నవ్వుతూ లోపలికి నడిపించింది. వసంతాల గోలలో అది ఎవరికీ వింతగా అనిపించలేదు. నేను వెనకాలే పరుగెత్తాను.

గదిలో పిల్ల రెండు చేతులతో మెడ కప్పుకుని నిలబడింది. అక్క ఆ చేతులను మెల్లగా దించి, తడిబట్టతో బురదంతా తుడిచింది. ఒక కాసు ముక్క వేళ్ళ మధ్య నలిపి చూసి నా వైపు తిరిగింది. అక్క కూడా చిన్నప్పుడు పెనుకొండలో అవ్వ చేతి కింద ఈ పని నేర్చినదే.

"లక్క పూయలేదు నువ్వు."

"అంతమందిలో ఆయమ్మ నీకు చేసింది చిన్నదా?" అన్నాను. నాకు ఏడుపూ కోపమూ ఒకటే వస్తున్నాయి.

"తీసింది నా మెడలోది. నేనెప్పుడన్నా నీ దగ్గర ఏడ్చినానా?" అంది అక్క.

అని తన రెండుపేటల గొలుసు తీసి పిల్ల మెడలో వేసింది. కొక్కెం తనే బిగించింది.

"ఇది ఎరువాక్కా?" అని పిల్ల వెక్కుతూ అడిగింది.

"కాదు. నీదే. ఎవురొచ్చి అడిగినా తియ్యొద్దు. మీ అమ్మ అడిగినా తియ్యొద్దు."

గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. కింద బురదలో కాసులు చూసింది, కూతురి మెడలో గొలుసు చూసింది, అక్క మెడ చూసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. అన్నేళ్ళకు! ముఖం పీక్కుపోయింది, గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడింది. నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు చెప్పాలి, ఇప్పుడు తలుచుకున్నా చల్లగానే ఉంటుంది.

అక్క పిల్ల చీర మార్చి, చెయ్యి పట్టుకుని పందిట్లోకి తీసుకొచ్చింది. పిల్ల మెడలో గొలుసు ధగధగా మెరిసింది. కాసులపేరు తడవకూడదని తీసి దాచామని అక్క ఎవరికో చెప్తోంది. అంతలో అక్క అత్తగారు వక్క నములుతూ ముందుకు వచ్చింది. ఆమె కళ్ళు ముందు పెళ్ళికూతురి మెడ మీద, తర్వాత కోడలి మెడ మీద పడ్డాయి.

"ఏమ్మే, నీ గొలుసు యాడ? మళ్ళా బోసిమెడేనా? ఎరువు నగల బుద్ధి యాడికి పోతాది!"

పందిట్లో అందరూ తిరిగి చూశారు. అక్క రెండు చేతులూ ఎత్తి మెడ కప్పుకుంది.

నేను ఖాళీ చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఆ గొలుసు మళ్ళీ అక్క మెడకు రాలేదు, ఆ మాట మాత్రం ఆ ఇంట్లోకి తిరిగొచ్చి అత్తగారు పోయేదాకా ఉంది. పెద్దమ్మ మీద నేను అన్నేళ్ళు పగ పట్టాను. అక్క నా మీద ఒక్క పూట కూడా పట్టలేదు. పట్టి ఉంటే బాగుండేది.