తాతమ్మ చెప్పిన సాక్ష్యం

మా పేట తాతమ్మ గంప నెత్తిన పెట్టుకుని కళింగపట్నంలో బయలుదేరిందంటే ముందు ఆమె కేక పక్క ఊరు చేరేది, తరవాత ఎండు నెత్తళ్ల చేపల వాసన, మనిషి ఆఖరున. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. బాప్తిస్మం తీసుకుని పన్నెండేళ్లయినా నోటికి మాత్రం ఇంకా కాలేదని నేనే అనేదాన్ని. నేను ఒకటంటే తను రెండనేది.

ఆమె తోటికోడలు అమ్మడిది పక్క పాకే. నెత్తళ్లు ఆరబోసుకునే ఇసకలో జానెడు చోటు దగ్గర తగువు మొదలై, ఇద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. మాటల్లేవంటే నోళ్లు మూసుకున్నారని కాదు. "ఒసే కోడీ, పక్కింటోల కుడితి నీల్లు మా గుమ్మంలోకి వస్తన్నాయని సెప్పవే" అని తాతమ్మ తన కోడికి చెప్పేది. అమ్మడు తన మేకకు చెప్పేది జవాబు.

మా సంఘంలో కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరూ రొట్టె పంచుకునే రోజు. దానికి ముందు ఒక్కొక్కరు లేచి, గడిచిన ఏళ్లలో దేవుడు తమను ఎలా నడిపించాడో, తమలో ఏం మారిందో సాక్ష్యం చెప్పాలి. పగ పెట్టుకున్నవాళ్లకు రొట్టె లేదు. అందుకే ఈ తోటికోడళ్లిద్దరూ చెరో మూల కూర్చుని, పళ్లెం తమను దాటిపోతుంటే చూసేవారు. అరవై ఎనిమిది జనవరిలో, కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు తాతమ్మను పిలిచి, "ఈ ఏడు నువ్వూ సాక్ష్యం చెప్పు. నీ మనసు మారిందని సంఘం నమ్మితే రొట్టె ఇస్తాను" అన్నారు.

ఆ ఆదివారానికి ముందురోజు తాతమ్మ నా దగ్గరకొచ్చింది.

"లచ్చనమ్మక్కా, ఈపాలి రొట్టి నన్ను దాటి పోకూడదు. సాచ్చీకం ఎలా సెప్పాలేటి?"

నేను రెండో తరగతి చదివాను. మా పేట ఆడవాళ్లలో అంత చదువు ఇంకెవరికీ లేదు. "ఇందులో ఏముందే, కళ్లతో చూసింది చూసినట్టు చెప్పు, దేన్నీ దాచకు" అన్నాను. జరిగినదానికి తప్పు నాదేనంటారు కొందరు. కాదు. ఎవరిదో వల కోసిన కేసులో తాతమ్మ శ్రీకాకుళం కోర్టుకెక్కి వచ్చింది. ఆమెకు తెలిసిన సాక్ష్యం అదొక్కటే. అది నాకు ఎవరు చెప్పారు?

ఆదివారం పొద్దున్న తాతమ్మ లేచి, చెయ్యెత్తి, "దేముడి మీద పెమానం, నిజమే సెప్తాను" అని మొదలెట్టింది. "మన సంఘపెద్ద సూరయ్య మావ పార్దనలో కల్లు మూసినాడంటే ఆకరిదాకా తెరవడు. అది బక్తి కాదు, నిద్దర. గురక నాను ఇన్నాను."

పేరు వినబడి సూరయ్య ఉలిక్కిపడి "ఆమెన్" అన్నాడు.

"ఈ లచ్చనమ్మక్క పాటల పుస్తకం తలకిందులుగా అట్టుకుని పాడతాది."

నాకు పాటలన్నీ కంఠతా వచ్చు. పుస్తకం ఎటు పట్టుకుంటే ఏం? ఆడవాళ్లందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"వాళ్ల సంగతులు కాదు తాతమ్మా," అన్నారు అయ్యగారు, "నీలో ఏం మారిందో చెప్పు."

"నా మీద నానే సెప్పుకుంటే సెల్లుద్దా అయ్యగారూ? కోర్టులో పిలీడరు ఒప్పుకోలేదు. నన్ను సూసినోలు సెప్పాల."

"నిన్ను చూసినవాళ్లెవరున్నారు?"

తాతమ్మ పళ్లెం మీద కప్పిన తెల్లగుడ్డ వైపు ఒకసారి చూసి, కూర్చోబోయింది.

"నాను సూసినాను" అని అటు మూల నుంచి అమ్మడు లేచింది. "తొమ్మిదేల్లయి దడి సందులోంచి సూస్తన్నాను. మొదటేడు తల దువ్వుకున్న ఎంట్రుకలు నా గుమ్మంలోకి ఇసిరింది. రెండో ఏడు నా పిల్లికి కారం నీల్లు కొట్టింది. అప్పుడు నన్నూ మా అమ్మనీ కలిపి తిట్టీది. ఇప్పుడు నన్నొక్కదాన్నే తిడతన్నాది. మొన్న కార్తీకంలో నాను జరమొచ్చి పడుంటే వాన అందుకున్నాది. ఆరబోసిన నా నెత్తల్లు గంపకెత్తి సూరు కింద ఎట్టింది. ఎవులైనా సూస్తన్నారేమోనని దొంగలాగ సుట్టూ సూసుకుని మరీ ఎట్టింది."

"అబద్దం!" అని అరిచింది తాతమ్మ. "ఒసే అమ్మడూ, నాను సుట్టూ సూల్లేదే! నీ నెత్తల్లు కుల్లితే కంపు నాకు కాదేటి?"

తొమ్మిదేళ్లలో అమ్మడి మొహం చూసి తాతమ్మ అన్న మొదటి మాట అది. అన్నాక ఆ సంగతి తనకే తెలిసొచ్చి, నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"సూసినావక్కా" అంది అమ్మడు మెల్లగా.

"సూసినాన్లే."

ప్రతి ఏడూ నేను లేచి, దేవుడు నన్ను మార్చాడని చెప్పి కూర్చునేదాన్ని. ఏం మార్చాడో ఎవరూ అడగలేదు, నేనూ వెతకలేదు. నా తిట్లలోంచి ఎవరి అమ్మ తగ్గిందో చూసి చెప్పే అమ్మడు నాకెవరున్నారా అని ఆ పూట ఆలోచనలో పడ్డాను.

అయ్యగారు తలూపితే సూరయ్య పళ్లెం తెచ్చాడు. తాతమ్మ రొట్టె ముక్క తీసుకుంది కాని నోట్లో పెట్టుకోలేదు. పళ్లెం ఎటు పోతుందోనని చూస్తోంది. అమ్మడు తన సాక్ష్యం చెప్పలేదు కదా, సూరయ్య ఆమెను దాటబోయాడు.

"మావా, ఆగు! దానికి ఎట్టకండా ఎలిపోతన్నావేటి? దాని సాచ్చీకం నాను సెప్తాను. మొదటేడు..."

"వద్దు తాతమ్మా," అన్నారు అయ్యగారు కంగారుగా, "ఇచ్చెయ్యి సూరయ్యా, ఇచ్చెయ్యి."