టక్కుమనాలి

స్ట్రెచర్ మీద ఛాతీకీ, నడుముకీ, మోకాళ్ళకీ బెల్టులు బిగించి ఉన్న మాస్టారికి ముక్కు దురద పెడుతోంది. గోక్కుందామంటే చేతులు కదలవు. ఇది ఆయన తెచ్చిపెట్టుకున్న నియమమే. అంబులెన్స్ ఆపరేటర్ల శిక్షణలో చివరి రోజు బొమ్మ పనికిరాదు, ఆయనే రోగి. "నన్ను పడెయ్యకుండా ఎత్తినవాడికే నా సంతకం" అంటారు. పదకొండేళ్ళు బండి మీద పనిచేసి, ఒకసారి స్ట్రెచర్ కాళ్ళు మడుచుకుపోతే రోగిని కాపాడబోయి నడుం విరగ్గొట్టుకున్న మనిషి మరి.

ఇవాళ పరీక్ష స్వయానా బావమరిదికి. పొద్దున భార్య కంచం ముందు పెట్టి మరీ చెప్పింది. "వాడికి మూడు ఉద్యోగాలు ఊడాయి. ఇదీ పోతే వాడి పెళ్ళాం వాడి మొహం చూడదు. మీరు సంతకం పెట్టలేదో, నేను మీ మొహం చూడను." ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏం బావా, పల్లకీ బాగుందా?" అంటూ బావమరిది తల వైపు, ఇంకొకతను కాళ్ళ వైపు పట్టుకుని నడుమెత్తుకు లేపారు. స్ట్రెచర్ కాళ్ళు లాక్ పడి టక్కుమనాలి. ఒకసారి లాగి చూడాలి. ఆ తర్వాతే చేతులు వదలాలి. నెలరోజులుగా ఈ మూడు ముక్కలూ చెప్పి చెప్పి ఆయన నోరు అరిగిపోయింది.

టక్!

ఆ చప్పుడు కింద ఇనుములోంచి రాలేదు. నెత్తి మీదుగా, బావమరిది నోట్లోంచి వచ్చింది. ఓరి నీ అసాధ్యం కూలా!

నోరు తెరిస్తే వాడి ఉద్యోగం పోతుంది, తెరవకపోతే తన నడుం పోతుంది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ క్షణంలో నడుమే పోనీ అనుకున్నారు. ఇంట్లో శాంతి దక్కుతుంది కదా! అంతలోనే భయం వేసింది. రేపు ఇక్కడ పడుకునేవాడికి స్పృహ కూడా ఉండదు.

"చేతులు వదలకండ్రా!" అని కేకేశారు.

బెల్టులు విప్పించుకున్నాక, బావమరిదిని అదే స్ట్రెచర్ మీద కట్టి, మరో ఇద్దరి చేత ఎత్తించారు. వాడి తల దగ్గర నిలబడి నోటితో టక్ అన్నారు.

"వదిలెయ్యమననా?"

"వద్దు బావా! నీ కాళ్ళు పట్టుకుంటా, లాగి చూడమను!"

"నెలరోజులుగా నేను మొత్తుకుంటున్నది అదే కదరా," అన్నారు మాస్టారు. కాగితం మీద ఫెయిల్ అని రాశారు.

సాయంత్రం ఇంటి మెట్లెక్కేసరికి భార్య తలుపు ఓరగా తీసి అడిగింది. "పెట్టారా?"

"లేదే."

తలుపు మూసుకుంది, లోపల గడియ టక్కున పడింది. అలవాటు కొద్దీ ఆయన ఒకసారి లాగి చూశారు. గట్టిగానే పడింది.