హల్దీకి పెట్టిన పల్లీలు

నాలుగేళ్లుగా ఎవరైనా ఈల వేస్తే నా గుండె ఆగినంత పనవుతోంది. పాలబ్బాయి వేసినా, రైలు పట్టాల దగ్గర ఎవడో పోకిరీ వేసినా అంతే. దొరికిపోయాను అనుకుంటాను. ఎవరికి దొరికాను? ఏం చేసి? జవాబు తెలిసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. కాదేమో, ఇంకొకరికీ తెలుసేమో. ఆ ఇంకొకరి గురించే నా భయమంతా.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లతో మాట్లాడితే నేను వాదనకు దిగుతాను. ఇంట్లో, కాలేజీలో, రైల్లో కిటికీ సీటు దగ్గర, ఎక్కడైనా నాదే పైచేయి. "నీతోని ఎవడు గెలుస్తడే తల్లీ" అని మా ఆయన దండం పెట్టి లేచిపోతాడు. చాలాకాలం దాన్ని పొగడ్త అనుకున్నాను.

మాది తాండూరు. వికారాబాద్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. రఫియా కూడా అక్కడే. రోజూ ఒకే రైల్లో పోయి ఒకే రైల్లో వస్తాం. ఇల్లు మా వీధిలోనే. నాకన్నా చిన్నది, అక్కా అని పిలుస్తుంది. ఆమె భర్త సత్తార్ భాయ్ నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్‌లో సూపర్‌వైజరు. నెమ్మదస్తుడు. వాళ్లకు పిల్లల్లేరు. ఆ సంగతి రఫియా ఎత్తదు, నేనూ ఎత్తను. నా నోటికున్న ఒకే ఒక్క మర్యాద అది.

అలాంటి ఇంటికి హల్దీ వచ్చింది. చిలకజాతే గానీ మన పచ్చచిలక కాదు. మన చిలకను పెంచితే కేసవుతుందట, ఇది బయటి దేశపు జాతి, కాగితాలున్నాయి అని రఫియా అడగనివాళ్లకు కూడా చెప్పేది. ఒళ్లంతా పసుపు, మెడ దగ్గర నారింజ. అందుకే ఆ పేరు. ఇంకా ఈకలు సరిగా రానప్పుడు తెచ్చి, చెంచాతో తాగించి పెంచింది. రెక్కలు కత్తిరించమని అమ్మినవాడు చెబితే వాడితో తగువు పెట్టుకుంది. దీన్ని బయట ఎగరనిస్తాను, పిలిస్తే వచ్చి చేతి మీద వాలేలా చేస్తాను అంది. పిచ్చి ముదిరింది అన్నాను.

మొదట గదిలో, చేతి మీది నుంచి భుజానికి. తర్వాత హాల్లో ఆ చివర సత్తార్ భాయ్, ఈ చివర రఫియా. తర్వాత మేడ మీద, కాలికి సన్నటి దారం కట్టి. రఫియా నోటితో ఒక ఈల వేసేది, కింద మొదలై పైకి లేచే ఈల. అరచెయ్యి చాపి, అందులో పొద్దుతిరుగుడు గింజలు పెట్టేది. అది వచ్చి వాలేది. నెలల తరబడి అదే పని. చివరికి దారం తీసేసి ఊరి బయట కందులు కోసేసిన చేనుకు తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద, ఆమె ఒళ్లో బోను.

ఒక నియమం ఉంది. ఎగరబోయే పొద్దున దానికి తిండి పెట్టరు. చేన్లో ఎగిరి, ఈల విని, చేతి మీద వాలాకే గింజలు.

ఇది నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో నిజాయితీగా చెప్పాలంటే రెండు ముక్కలు చెప్పాలి. ఒకటి, మా ఇంట్లో గడప దాటేవాళ్లెవరూ ఖాళీ కడుపుతో దాటరు. మా అమ్మ పరీక్షకు పోయే పిల్లకైనా, పొలానికి పోయే జీతగాడికైనా ఇంత ముద్ద పెట్టనిదే కదలనిచ్చేది కాదు. నేనూ అంతే, ఇంటికొచ్చిన కొరియర్ అబ్బాయిని కూడా వదలను. రెండోది, రఫియా గెలుస్తోంది. వీధి వీధంతా దాని గురించే మాట్లాడుతోంది. కుదరదు అని నేను నలుగురిలో అన్న పని కుదిరింది.

వాళ్ల మేడ మీద, నలుగురు ఆడవాళ్ల ముందు అన్నాను. "నీ మీద ప్రేమతోని వస్తుందనుకుంటున్నవా? కడుపు మాడి వస్తుంది. కడుపు నిండితే నీ మొఖం గూడ చూడదు."

రఫియా ముఖం ఎర్రబడింది. అయినా నవ్వింది. "ఉపాసం గాదక్కా, జర్రంత ఆకలి. గంతే. మన్నించు గానీ, నువ్వు ఆకలైతె ఇంటికి పోతవా, ఎవరింటికైనా పోతవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"రేపు నువ్వే రా, నీ కండ్లతోని చూడు" అంది.

మరునాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. రఫియా లోపల తయారవుతోంది, "కూసో అక్కా, వస్తున్న" అని కేకేసింది. సత్తార్ భాయ్ సందులో స్కూటర్ తుడుస్తున్నాడు. వరండాలో బోను. హల్దీ కమ్మీ పట్టుకుని తల వంచి నన్ను చూసింది. నా చేతిసంచిలో వేయించిన పల్లీలున్నాయి, రైల్లో తినడానికి ఎప్పుడూ ఉంటాయి.

ఒక పలుకు పెట్టాను. తీసుకుంది. ఇంకొకటి. పాపం ఎంత ఆకలిగా ఉందో అనుకున్నాను. అక్కడితో ఆపి ఉంటే ఈ కాగితం రాసేదాన్ని కాదు. పిచ్చితల్లి జాలిపడింది అని నన్ను నేను ఎప్పుడో క్షమించుకునేదాన్ని. కానీ అప్పుడు నా మనసులో ఒక ఆలోచన వచ్చింది, నాకు స్పష్టంగా గుర్తుంది, నాలుగేళ్లుగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను గానీ అది వేరేగా కనబడటం లేదు. ఇవాళ ఇది రాకపోతే? నా కళ్లముందే ఈల వేసి, వేసి, రాకపోతే? ఆ ఆలోచన వచ్చాక నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకో గుప్పెడు తీశాను.

ఎగిరిపోవాలని కోరుకున్నానా? లేదు. అది కాస్త సతాయించాలని. ఒక్కపూట నా మాట నెగ్గాలని. అంతే. అంతేనా? అంతే అని రాసుకోవడానికి కూడా చెయ్యి జంకుతోంది.

పొట్టు కింద పడితే కొంగుతో ఊడ్చి సంచిలో వేసుకున్నాను. పొట్టు ఎందుకు దాచాను? జాలిపడినవాళ్లు పొట్టు దాచరు కదా.

వాళ్ల స్కూటర్ వెనకే నేను ఆటోలో పోయాను. చేను దగ్గర గాలి మంచిగా ఉంది. ఒక పక్క పాత రాతి క్వారీ, గుంతలో నీళ్లు. రఫియా చేతి మీది నుంచి హల్దీ లేచింది. అంత అందంగా ఏదైనా లేవడం నేను చూడలేదు, ఇదీ నిజమే. సత్తార్ భాయ్ చేను ఆ చివర చెయ్యి చాపి నిలబడ్డాడు. హల్దీ అటు పోలేదు. పెద్ద చుట్టు తిరిగి తుమ్మచెట్టు మీద వాలింది. రఫియా ఈల వేసింది. అది ఇటు చూసింది. రాలేదు. మళ్లీ ఈల. ముక్కుతో రెక్క సవరించుకుంది, తీరుబడిగా, కడుపునిండా తిన్న మనిషి అరుగు మీద కూర్చున్నట్టు. పైన గద్ద తిరుగుతోంది. నాకు అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. నోరు తెరిస్తే సరిపోయేది. చెట్టు కింద నిలబడదాం, దానికి ఆకలి లేదు, ఓపికపడదాం అని చెబితే సరిపోయేది. చెప్పలేదు.

అప్పుడు సత్తార్ భాయ్ జేబులో ఫోను మోగింది. గట్టిగా, పాట. అదే సమయానికి గద్ద నీడ చెట్టు మీద నుంచి పోయింది. హల్దీ అరుచుకుంటూ లేచి క్వారీ దాటి పోయింది. పసుపు చుక్కలా కాసేపు కనబడింది. తర్వాత లేదు.

పొద్దుగూకేదాకా వెతికాం. రఫియా ఈల వేసి వేసి పెదవులు పగిలాయి. చివరికి భర్త మీదికి తిరిగింది. "ఫోన్ బంద్ జేసి రమ్మని ఎన్నిసార్లు జెప్పిన నీకు? ఎన్నిసార్లు? నీ ఫోనే తిన్నది నా బిడ్డను!"

బిడ్డ అంది. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు నేను.

ఆయన వంగి స్కూటర్ స్టాండ్ తీశాడు. నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూసి, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా అన్నాడు.

"ఆపా, మీ కొంగుకు పొట్టు అంటుకున్నది."

"పల్లీలు తిన్నా భాయ్, పొద్దున" అన్నాను.

"అచ్ఛా" అన్నాడు.

అంతే. ఆ "అచ్ఛా"లో ఏముంది? తెలిసి ఊరుకున్నాడా? బట్టలు మురికయ్యాయని మామూలుగా అన్నాడా? సందులో స్కూటర్ తుడుస్తున్నవాడికి వరండా కనబడుతుంది. తర్వాత నేను పనిగట్టుకుని పోయి అక్కడ నిలబడి చూశాను. కనబడుతుంది. అప్పటి నుంచి ఆయన ఎదురైతే ముందే నవ్వుతాను. ఆయన కూడా నవ్వుతాడు. తెలిసిన నవ్వా, తెలియని నవ్వా? నలుగురిని నోటితో ఆడించే నేను ఆ ఒక్క మనిషి ముందు మాట తడబడతాను.

మీరు అనొచ్చు, పిట్టే కదా అని. నేనూ అదే వాదన తయారుచేసుకున్నాను. గద్ద లేకపోతేనో, ఫోను మోగకపోతేనో వచ్చేదేమో కదా అని. వకీలుగా నేను బాగానే పనికొస్తాను. కానీ ఫోను మోగకముందే ఈలకు రాలేదు. రెండుసార్లు రాలేదు. అది చూసిందీ నేనే, అర్థం చేసుకున్నదీ నేనే.

పిట్టతో అయిపోలేదు కూడా. ఆ రోజు నుంచి రఫియా ఆయన స్కూటర్ ఎక్కలేదు. స్టేషన్‌కు ఆటోలో వచ్చేది. ఆయన ఫోను గొంతు నొక్కేశాడు, ఇంట్లోనైనా యూనిట్‌లోనైనా అది మోగదు. ఎవరైనా అడిగితే "ఆదత్ అయిపోయింది" అనేవాడు, అలవాటైపోయిందని. నిరుడు ఎండాకాలంలో బషీరాబాద్‌లో అన్న దగ్గరున్న ఆయన తల్లి పడిపోయింది. అన్న ఫోను మీద ఫోను చేశాడట. జేబులోని ఫోను చప్పుడు చేయలేదు. చూసుకుని, షేర్ ఆటో పట్టుకుని పోయేసరికి అమ్మీ లేదు. చివరిదాకా చిన్నకొడుకు పేరే కలవరించిందట.

కొన్నాళ్లకు రఫియా మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. "ఆ ఫోను నోరు మూయించింది నేనే అక్కా. ఆయన్ను గంతగనం అనకపోతె మోగుతుండె గదా."

నీ తప్పు లేదు అని ఆమెకు బాగా నచ్చజెప్పాను. ఒకటి కాదు, పది రకాలుగా. కన్నీళ్లు తుడిచాను, చాయ్ ఇచ్చాను. నీ తప్పెందుకు లేదో తేల్చే ఒక్క మాట మాత్రం పొయ్యి వైపు తిరిగి మింగేశాను. భయం. ఆమె మొహం నా ముందు మారిపోతుందనే భయం. రైల్లో ఆమె పక్క సీటు ఖాళీగా ఉంటుందనే భయం. ఇంత సిగ్గుమాలిన లెక్క వేసుకుంటూ ఆ పిల్ల తల నిమిరాను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, రఫియా ఇంకో కూనను తెచ్చింది. ఇదీ పసుపే. హాల్లో ఎగరడం నేర్పుతోంది. మొన్న రైల్లో అంది.

"ఈసారి ఆయన వద్దక్కా. ఆయన చేతికి అలవాటు జెయ్య. అవతలి చెయ్యి నువ్వే గావాలె. నీ మీదనే నాకు భరోసా."

ఎదురుగా కూర్చున్నామె వినేలా నా చెయ్యి పట్టుకుని అంది. నా చెయ్యి. నేను లాక్కున్నాను.

"సత్తార్ భాయ్‌నే తీస్కపో. నేను రాను" అన్నాను.

"ఎందుకు?"

"చెప్త."

"ఇప్పుడే చెప్పరాదు?"

"ఆదివారం వస్త మీ ఇంటికి. భాయ్‌ని గూడ ఉండమను" అన్నాను. అనేశాక నా మాట నాకే వినబడింది. వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆమె నన్ను వింతగా చూసి, "ఏందో ఈమె" అని నవ్వి బయటికి చూసింది. ధారూర్ స్టేషన్ దాటేదాకా నేను ఊపిరి సరిగా తీసుకోలేదు.

ఆదివారం అంటే రేపు. నా సంగతి నాకు తెలుసు. ఆ ఇంట్లో కూర్చోగానే నా నోరు దాని పని అది చేసుకుపోతుంది. మా అమ్మ, గడప, ఖాళీ కడుపు, గద్ద, అన్నీ చెబుతుంది. వాళ్లిద్దరూ మంచివాళ్లు, కాసేపటికి నన్నే ఓదార్చినా ఓదారుస్తారు. అది మాత్రం జరగకూడదు. లేదా తలుపు మూసేస్తారు. అది జరిగితే నేను ఏం చేస్తానో తెలియదు.

అందుకే వాదన లేకుండా చెప్పడం ముందు మీ దగ్గర నేర్చుకుంటున్నాను. మీరు ఏమీ అనక్కర్లేదు.

ఆ పొద్దున హల్దీకి కడుపునిండా పెట్టింది నేను. రాకపోతే బాగుండు అనుకుని పెట్టాను. భాయ్ ఫోను తప్పు లేదు, రఫియా కోపం తప్పు లేదు.

రాశాను. గట్టిగా చదివాను కూడా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. ఆగకుండా చివరిదాకా చదివాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఛాతీలో గాలి కిందిదాకా పోయింది. భయం అలాగే ఉంది. కానీ గాలి పోయింది.

దాని కింద "ఎందుకంటే" అని ఇంకో వాక్యం మొదలుపెట్టాను. కొట్టేశాను.