ఉప్పు చల్లిన ఐసులో ఫ్లూ టీకా

అది 2024 జూలై. కూర్మన్నపాలెంలో ఒక చిన్నపిల్లల క్లినిక్‌లో టీకాల నర్సుగా నాకది ఆరో ఏడు. ఫ్లూ వ్యాక్సిన్‌ను మేం నిల్వ పెట్టేవాళ్లం కాదు. ఏటా కొత్తది వస్తుంది, మిగిలింది పారేయాలి. అందుకని డాక్టరుగారు చీటీ రాస్తే ఇంటివాళ్లే మందుల షాపులో కొని తెచ్చేవారు, నేను వేసేదాన్ని. ఈ పద్ధతిలో తప్పుందని అన్నేళ్లలో నాకు తట్టనే లేదు.

ఆ రోజు పోలమ్మ తన మనవరాలు దుర్గని తీసుకొచ్చింది. వాళ్లది అప్పికొండ వైపు సముద్రపు ఒడ్డు. కొడుకు వేటకెళతాడు, ఆవిడ చేపలమ్ముతుంది. పదేళ్ల దుర్గకి ఆయాసం ఉంది. కిందటేడు నా చేత్తోనే ఫ్లూ టీకా వేశాను. రెండు నెలలకే పిల్లకి ఫ్లూ వచ్చి మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉంది.

"ఏటమ్మా, మళ్లీ పొడుత్తావా?" అంది పోలమ్మ కూర్చోకుండానే. "పోయినేడు ఏసినావు, ఏటైంది? ఆ టీకాయే జొరం తెచ్చిందని మా ఈదిలో అందరూ అంతన్నారు. ఫోన్లో ఈడియో కూడా ఉంది. కోడలు ఏడిత్తే వచ్చినాను గానీ నాకిట్టం నేదు."

నాకు చిర్రెత్తింది. ఇంట్లో రెండేళ్ల కూతురున్నదాన్ని. దానికి ముక్కు కారితేనే నాకు నిద్ర పట్టదు. అలాంటి వీడియోలు తీసేవాళ్లని తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాను: ఈ ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు, దీనివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు కాస్త జ్వరం ఉండొచ్చు. వేయించుకున్నా కొందరికి ఫ్లూ వస్తుంది, కానీ ప్రాణం మీదికి రావడం తగ్గుతుంది.

"పేనం మీదికే వచ్చింది కదేటమ్మా!"

నేను చెయ్యి చాచాను. "సరే, మందివ్వండి" అన్నాను.

ఆవిడ చేపల థర్మోకోల్ పెట్టె మూత తీసింది. నలగ్గొట్టిన ఐసు మధ్య, కవరులో సిరంజి. పట్టుకుంటే లోపలి మందు గడ్డకట్టి ఉంది.

"ఐసులో పెట్టారేంటమ్మా?"

"షాపోడు సల్లగా ఉంచమన్నాడు. ఐసు మీద ఉప్పు కూడా జల్లినాను, ఇంకా సల్లగా ఉంటాది. సేపకే అంత సేత్తాం, బిడ్డ మందుకి సెయ్యమా?"

"పోయినేడు కూడా...?"

"ఇలాగే తెచ్చినాను మరి. నువ్వే తీసుకున్నావు గదా!"

కిందటేడు వరుస పెద్దది. ఆవిడ వంతు వచ్చేసరికి మందు చేతిలోనే కరిగిపోయి ఉంటుంది. చూడ్డానికి మామూలుగానే ఉంది. వేసేశాను.

తయారైన చోటు నుంచి పిల్ల భుజం దాకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనం తెగకుండా చూడటాన్ని కోల్డ్ చైన్ అంటాం. వేడెక్కినా టీకా పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది. రెండోది మేం చెబితే తప్ప ఎవరికీ తెలియదు. నా కూతురి డోసు మాత్రం నేనే వెళ్లి, వ్యాక్సిన్ క్యారియర్ అనే టీకాల డబ్బాలో థర్మామీటరు పెట్టి మరీ తెచ్చుకున్నాను.

డాక్టరుగారికి చెప్పాను. "కొత్తది వేసి పంపండి. పోయినేటి సంగతి ఎత్తితే మళ్లీ టీకా మొహం చూడరు" అన్నారు.

"ఎత్తకపోతే టీకా పనిచెయ్యదని వాళ్ల వీధంతా చెబుతుంది సార్. ఆవిడ కళ్లతో చూసిందే చెబుతోంది" అన్నాను. నా గొంతు లేచింది.

బయటికొచ్చి పోలమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. కిందటేటి డోసు గడ్డకట్టి పాడై ఉండొచ్చు. మంచిదైనా ఫ్లూ వచ్చేదేమో, ఖాయంగా చెప్పలేను. అడగకుండా వేసింది మాత్రం నేనే.

"అంటే పిల్లకి నానే సెరుపు సేసినానా?"

"మీరు కాదమ్మా. మేం చెప్పలేదు."

"సెప్పాల గదేటి! సదువుకున్నోళ్లు, ఒక్క మాట! సేప ఎలా దాసాలో నువ్వడిగితే నాను సెప్పనా?"

హాల్లో అందరి ముందూ తిట్టింది. తలొంచుకుని విన్నాను. చివరికి, బల్ల మీదున్న మా టీకాల డబ్బా చూపించి, "పద, ఆ డబ్బా నువ్వే పట్టు" అంది. ఇద్దరం షాపుకి వెళ్లి కొత్తది తెచ్చాం. దుర్గకి వేశాను.

టీకా పనిచెయ్యదని ఎవరైనా అంటే ఇప్పుడు పాఠం మొదలుపెట్టను. ఎలా తెచ్చారో అడుగుతాను. ఫ్లూ వ్యాక్సిన్ మా ఫ్రిజ్‌లోనే ఉంచుతున్నాం, మిగిలితే పారేస్తున్నాం. ఆ మాత్రం పని తప్పించుకోవడానికే, కోల్డ్ చైన్‌లో ఆఖరి లంకెను చేపలమ్ముకునే ఆవిడ చేతిలో పెట్టాం. అది తెగితే ఆవిడకి సైన్సు మీద నమ్మకం లేదన్నాం.