వదిన పట్టుబట్టిన డీజిల్ ఇంజను

మా వదిన పోయిందన్న కబురు నాకు పనిచోటే అందింది. మందమర్రి వర్క్‌షాపులో డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటుంటే మా ఊరి మనిషి గేటు దగ్గర నిలబడి కనిపించాడు. "వదిన లేదు తమ్మీ, జ్వరం తలకెక్కింది" అన్నాడు. మా ఊరి పక్క జమ్మికుంటకు పోయే రైలు సాయంత్రానికి గాని లేదు. స్టేషన్లో బెంచీలన్నీ ఖాళీగానే ఉన్నా కూర్చోలేకపోయాను. ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాను. నేను ఊరు చేరేసరికి అంతా అయిపోయింది.

పెద్దకర్మ ముగిసి తిరిగొచ్చాను. ఇది రాస్తూ కూడా మాటిమాటికి లేచి వాకిట్లోకి పోయి వస్తున్నాను. ఇదీ ఆమె అలవాటే. మా వదిన ఒక్కచోట నిలిచిన మనిషి కాదు. నిలబడే అన్నం తినేది. బాగున్న పొయ్యిని పీకి ఇంకో మూలన వేసేది. కూతురికి జడ వేస్తుంటే ఆ పిల్ల కూడా ఆమె వెంట వాకిలంతా నడవాల్సిందే. మగ్గానికి నూలు కండెలు చుట్టడం కూర్చుని చేసే పని గదా, కండె కండెకూ లేచి ఇల్లంతా తిరిగొచ్చేది. "జర కూసో వదినా" అంటే, "నాకు కూసునుడు రాదు తమ్మీ, నడుసుకుంట మాట్లాడుదం దా" అనేది.

మాది మగ్గాల ఇల్లు. నేతలో పొట్ట గడవక అన్న మగ్గం గుంట పూడ్చి, యుద్ధకాలం నాటి పాత పికప్ బండి ఒకటి కొన్నాడు. పల్లెల నుంచి పత్తి కూరిన గోనె బోరెలు జమ్మికుంట మార్కెట్‌కు తోలేవాడు. అది పెట్రోలు బండి. వచ్చిన కిరాయి దాని కడుపుకే చాలేది కాదు. ఒక ఎండాకాలం ఇంజను పూర్తిగా పట్టేసింది. బండిని పాత ఇనుముకు అమ్మేసి, ఊళ్లో నేతవాళ్లతో కలిసి షోలాపూర్ మిల్లుకు పోతానన్నాడు అన్న.

"ఇంజను పోతె ఇంజను మారుస్తం. మనిషి పోవుడెందుకు?" అంది వదిన.

నిర్మల్ దగ్గర బోల్తా పడిన ఒక వ్యానులో డీజిల్ ఇంజను చెడిపోకుండా ఉందని మా బండి చూసే మిస్త్రీ ఆమెతో అన్నాడట. ఆయన పెద్దాయన, మాతో తెలుగు, ఇంట్లో ఉర్దూ. వదిన ఆయనను చాచా అనేది.

"డీజిల్ ఇంజను గీ బండిల పడ్తదా? దాని బరువుకు ముందర చక్రాలు భూమిల దిగవడ్తయి" అన్నాడు అన్న.

"పడ్తదో పట్టదో ఎక్కిచ్చి సూద్దం" అంది ఆమె.

నాకు కబురు పెట్టింది. సెలవు పెట్టి, తెలిసిన లారీ షెడ్డులో బరువులెత్తే చైను కప్పీ అడిగి తీసుకుపోయాను. మా వాకిట్లో టేకు మొగురాలు మూడు కలిపి కట్టి, కప్పీ వేలాడదీసి, పాత ఇంజనును పైకి లేపి దించాము. నిర్మల్ నుంచి లారీలో తెప్పించిన డీజిల్ ఇంజను దానికంటే చాలా బరువు. ముందు చక్రాల స్ప్రింగు కమాన్లకు అదనంగా పట్టీలు వేశాడు మిస్త్రీ. ఇంజను బోల్టులు గేరుబాక్సు రంధ్రాలకు కలవలేదు. కరీంనగర్‌లో లేతు మిషను ఉన్న ఖరాదు దుకాణంలో మందపాటి ఇనుప పలక కోయించి, రెండిటి మధ్యా పెట్టి బిగించాము. ఇంజను ఎత్తు ఎక్కువై బానెట్ మూతపడలేదు. బానెట్‌కు బొక్క కోస్తుంటే వదిన పడీపడీ నవ్వింది.

ఒకనాడు మధ్యాహ్నం ఇద్దరం స్ప్రింగు పట్టీలకు నూనె రాస్తున్నాము. అడగకుండానే చెప్పింది. ఆమె చిన్నప్పుడు వాళ్ల బాపు షోలాపూర్ పోయాడట. రోజూ పొద్దుగూకే దాకా గడప మీద కూర్చుని తొవ్వ చూసేదట. ఆయన మళ్లీ రానే లేదు. "కూసోని ఎదురుసూసుడు నాకు అప్పుడే అయిపోయింది తమ్మీ" అంది. చేతిలో గుడ్డ నాకిచ్చి లేచి వెళ్లిపోయింది.

ఇంజను కూర్చుంది గాని డీజిల్‌ను కొలిచి అందించే పంపు మీద మిస్త్రీకి అనుమానం ఉంది. వ్యాను చాలాకాలం వానలో పడి ఉంది. పంపు విప్పి చూసే పనివాడు కరీంనగర్‌లో ఉంటాడు, పెళ్లికని ఊరెళ్లాడు. ఈలోపే షోలాపూర్ పోయేవాళ్లు మరునాటి పొద్దున రైలుకే బయలుదేరుతున్నారని తెలిసింది. అన్న బట్టలు సర్దుకున్న పెట్టె అర్రలోంచి అరుగు మీదికి వచ్చింది.

"చాచా, ఇయ్యాలనే స్టార్టు జెయ్యాలె" అంది వదిన.

"జర ఆగు బిడ్డా. పంపు లోపటి కడ్డీ తుప్పుపట్టిందేమో. రెండొద్దులు ఆగితె ఏం పోతది?"

"మనిషి పోతడు చాచా."

మిస్త్రీ అరుగు మీది పెట్టె వైపు చూశాడు. పానా తీసుకున్నాడు.

అన్న సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి అందుకుంది. వదిన చప్పట్లు కొట్టింది. కాని మోత తగ్గలేదు, పెరిగింది. అన్న పెడలు మీద కాలే పెట్టలేదు. అయినా ఇంజను ఒకటే ఎగబాకుతోంది. నల్లటి పొగ వాకిలంతా కమ్మింది. బండి మొత్తం వణుకుతోంది. అన్న తాళం పీకి, ఏం చేయాలన్నట్టు మాకు ఎత్తి చూపించాడు. పెట్రోలు ఇంజను అయితే తాళానికి ఆగేది. డీజిల్‌ది అట్లా కాదు. లోపలికి పోయే డీజిల్ అయినా ఆపాలి, గాలి అయినా ఆపాలి. డీజిల్ గొట్టం విప్పబోతే మిస్త్రీ చేతిలో పానా జారిపోయింది.

"హటో! అందరు దూరం జరుగుండ్రి, పలిగిపోతది! గాలి మూతి మూస్తెనే ఆగుతది!" అని అరిచాడు.

నేను దేనితో మూయాలా అని చుట్టూ వెతుకుతున్నాను. మిస్త్రీ కూర్చునే పీట పట్టుకుని వదిన అప్పటికే ఇంజను మీదికి వంగింది. ఇంజను గాలి పీల్చే మూతికి పీటను అదిమి పట్టింది. ఇంజను ఒక్కసారి మూలిగి, బండిని ఎత్తి కుదిపి, చచ్చిపోయింది.

మణికట్టు నుంచి మోచేతి దాకా ఆమె చెయ్యి వేడి గొట్టానికి కాలిపోయి ఉంది. అన్న దూకి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"సచ్చిపోతుంటివి గదనే!"

"పోలే గదా," అంది వదిన. "నువ్వు పోతవా మరి?"

మరునాడు పొద్దున రైలు కూత వినిపించినప్పుడు అన్న బానెట్ ఎత్తి, మిస్త్రీతో కలిసి పంపును ఇంజను నుంచి ఊడదీస్తున్నాడు. నేను పెట్టెలోంచి అంగీలు తీసి దండెం మీద వేశాను. వదిన కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని అందరికీ చాయ్ పెట్టింది.

కరీంనగర్ పనివాడు వచ్చి పంపు బాగుచేశాడు. పత్తి రోజులకు బండి రోడ్డెక్కింది. పరుగు తక్కువ, మోత ఎక్కువ, లోపల కూర్చుంటే పళ్లు టకటకలాడేవి. అయినా ఆ బండే ఇల్లు నడిపింది. అన్న పక్కన వదిన కూడా పల్లెలకు పోయేది, పత్తి రైతులతో బేరం తనే మాట్లాడేది. సెలవులకు నేను పోవడానికి ఒక ఇల్లు, అందులో అందరూ మిగిలి ఉన్నారంటే ఆమె వల్లనే. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. చెప్పినా నిలబడి వినేది కాదు.

నేను ఆమెను చివరిసారి చూసింది ఈ ఏటి పత్తి రోజుల్లోనే. నన్ను రైలు ఎక్కించడానికి ఇద్దరూ బండిలో జమ్మికుంట వచ్చారు. నేను వెనక బోరెల మీద కూర్చున్నాను. స్టేషన్ ముందు అన్న బండి నెమ్మది చేస్తున్నాడు. ఇంకా ఆగనే లేదు. ముందు తలుపు తెరుచుకుంది. కొంగు నడుముకు చెక్కుకుని, ఒక కాలు అప్పటికే ఫుట్‌బోర్డు మీద పెట్టి, వదిన కిందికి దూకింది. దూకిన ఊపులో దుమ్ములో బండి పక్కనే దానితో సమంగా ఉరుకుతూ, నా వైపు చెయ్యి చాచి, "దిగు తమ్మీ, దిగు, దిగు" అంటోంది.